ఎండినా చావని పిండి

1990ల్లో అమెరికాలో కార్ల్ గ్రిఫిత్ అనే పెద్దాయన ఒక పని పెట్టుకున్నాడు. సొంత చిరునామా రాసి, స్టాంపు అంటించిన ఖాళీ కవరు ఎవరు పంపినా సరే, అందులో చిటికెడు ఎండు పిండి వేసి తిరుగు టపాలో పంపేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. ఆ పిండిని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కాస్త మైదా కలిపి, వెచ్చని మూల ఉంచితే ఒకటి రెండు రోజుల్లో బుడగలు వచ్చి పొంగేది. ఇక ఈస్టు కొనక్కర్లేదు. ఆ పొంగిన పిండే రొట్టెను లేపుతుంది. దాన్ని సోర్‌డో స్టార్టర్ అంటారు. మనం నిన్నటి పెరుగు నేటి పాలలో తోడు వేసినట్టే, నిన్నటి పులిసిన పిండి కాస్త మిగిల్చి నేటి పిండిలో కలపడమే అందులోని కిటుకు.

కవరు వెంట ఒక కుటుంబ కథ కూడా వెళ్ళేది. 1847లో మిస్సోరీ నుంచి ఆరిగన్‌కు గుడారపు బండ్లలో బయల్దేరిన జనంతో పాటు ఈ పిండి కూడా పడమటికి వచ్చిందని గ్రిఫిత్ చెప్పేవాడు. డాక్టర్ జాన్ సావేజ్ అనే ఆయన కుటుంబంలో వంట చేసిన కూతురు తన ముత్తవ్వ అని, ఆమె దారిలోనే తన ముత్తాతను కలిసి పెళ్ళాడిందని, పదిమంది పిల్లలతో సేలం దగ్గర స్థిరపడిందని రాసుకున్నాడు. సావేజ్ కుటుంబంతోనే పిండి వచ్చిందన్న మాటకు మాత్రం ‘అని నా ఊహ’ అన్న అర్థం వచ్చేలా ఆయనే ఒక ముక్క తగిలించాడు. ఇలాంటి కథలు చెప్పేవాళ్ళలో ఆ నిజాయితీ అరుదు.

ఆయనకు ఈ విద్య అబ్బింది పదేళ్ళ వయసులో. ఆగ్నేయ ఆరిగన్‌లోని స్టీన్స్ కొండల్లో వాళ్ళ కుటుంబం కొత్త భూమిలో కాపురం పెడుతున్న రోజులవి. అక్కడ బాస్క్ గొర్రెల కాపరుల మకాంలో ఈ పిండితో రొట్టె చేయడం నేర్చుకున్నాడు. పొయ్యి లేదు. నేలలో గొయ్యి తవ్వి, అందులో మంట వేసి, మూత ఉన్న ఇనప గిన్నె దించి, చుట్టూ నిప్పులు తోసి, పైన మట్టి కప్పి కొన్ని గంటలు వదిలేసేవారు. తర్వాత పశువుల మందలు తోలుకెళ్ళే బృందాలకు వంటబండిలోనూ ఇదే పిండితో రొట్టెలు చేసి పెట్టాడు. తల్లిదండ్రులు పోయాక పిండి వారసత్వంగా ఆయన చేతికి వచ్చింది. 2000లో ఆయన పోయాడు. ఎప్పుడూ ముఖాముఖి కలవని అభిమానులు కొందరు కూడి ఆ కవర్ల పని ఆగకుండా చూసుకున్నారు.

ఇంతవరకూ బాగుంది. అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. తడిగా ఉండి పులిసే పిండిని రవ్వలా ఎండబెట్టినా చావదని ముందుగా ఎవరు కనిపెట్టారు? బల్బుకో రేడియోకో ఉన్నట్టు దీనికి ఒక పేరు, ఒక తేదీ లేవు. ఎవరూ పేటెంటు తీసుకోలేదు. కానీ జాడలు ఉన్నాయి. అవి చాలా వెనక్కి వెళ్తాయి.

నాకు తెలిసినంతలో అందరికన్నా స్పష్టంగా రాసిపెట్టినవాడు రోమన్ రచయిత ప్లినీ. క్రీ.శ. 77లో చక్రవర్తి కొడుకు టైటస్‌కు అంకితమిచ్చిన తన ‘ప్రకృతి చరిత్ర’లో పద్దెనిమిదో భాగం ధాన్యాల గురించి. అందులో రొట్టెను పులియబెట్టే పద్ధతులు వరసపెట్టి చెబుతాడు. ద్రాక్ష కోతల కాలంలో అప్పుడే పిండిన రసంలో చిరుధాన్యపు పిండి కలిపి పిసికితే ఆ పులుపు ఏడాది నిలుస్తుందట. ఇంకో పద్ధతి మన కథకు మరీ దగ్గరిది. మెత్తటి గోధుమ తవుడును మూడు రోజుల నాటి తెల్ల ద్రాక్షరసంతో పిసికి, ఎండలో ఆరబెట్టి, చిన్న బిళ్ళలుగా చేసుకోవాలి. రొట్టె చేయాల్సినప్పుడు ఆ బిళ్ళలను నీళ్ళలో నానబెట్టి, మెత్తటి పిండితో వేడి చేసి, అసలు పిండిలో కలపాలి. అంటే ఎండబెట్టడం, దాచడం, నానబెట్టి మేల్కొల్పడం, ఈ మూడు మెట్లూ అప్పటికే ఉన్నాయి.

ఎందుకు ఎండబెట్టారన్నది కూడా ప్లినీ మాటల్లోంచే తెలుస్తుంది. ద్రాక్షరసం ఏడాదికి ఒక్కసారే దొరుకుతుంది, రొట్టె ఏడాది పొడుగునా కావాలి. అప్పట్లో ఎక్కువమంది అంత శ్రమ పడేవారు కాదనీ, నిన్నటి పిండిముద్ద కాస్త మిగిల్చి నేటిదానిలో కలిపేవారనీ కూడా ఆయనే చెప్పాడు. ఇది రాసిన రెండేళ్ళకే, 79లో, వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఆయన ప్రాణం పోయింది.

ఆ తర్వాతి జాడలు పుస్తకాల్లో కన్నా వంటిళ్ళలో ఎక్కువ. తూర్పు యూరప్‌లో రై రొట్టె చేసే ఇళ్ళలో పిండి కలపడానికి పెద్ద చెక్క తొట్టి ఉండేది. రష్యాలో దాన్ని దేజా అంటారు. పని అయ్యాక దాన్ని కడిగేవారు కాదు. పక్కలకు అంటుకున్న పిండి అలాగే ఎండిపోయేది. మళ్ళీ రొట్టెల రోజు రాగానే తొట్టిలో నీళ్ళు, పిండి పోస్తే ఆ ఎండిన పొరలే పులుపు అందించేవి. కడగడం మంచిది కాదన్న ఆచారం వెనక జీవశాస్త్రం ఉందని వాళ్ళకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. జర్మన్ గృహిణులు ఇంకో అడుగు వేశారు. తడి పులిసిన పిండిలో పొడి పిండి చల్లుతూ చేతులతో నలిపి నలిపి, చివరికి చేతికి అంటుకోని పలుకులుగా చేసి, సంచిలో దాచేవారు. దానికి వాళ్ళ పేరు క్రూమెల్‌సావర్. ఎండ అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు. పొడి పిండే తడిని పీల్చేస్తుంది. ఈ పద్ధతి గుర్తుపెట్టుకోండి, మన తీర ప్రాంతాల వానాకాలానికి ఇదే పనికొస్తుంది.

మళ్ళీ గ్రిఫిత్ ముత్తవ్వ వచ్చిన దారికి వద్దాం. ఆరిగన్ దారి సుమారు 3,200 కిలోమీటర్లు. నాలుగు నుంచి ఆరు నెలల నడక. వలస వెళ్ళేవారి కోసం లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ 1845లో అచ్చేసిన మార్గదర్శినిలో మనిషికి 200 పౌండ్ల పిండి, 150 పౌండ్ల ఉప్పువేసిన పందిమాంసం, 10 పౌండ్ల కాఫీ వెంట తీసుకెళ్ళమని ఉంది. అంత పిండిని రొట్టెగా మార్చాలంటే సోడా ఉప్పు అయినా ఉండాలి, పులిసిన పిండి అయినా ఉండాలి. చాలామంది రెండూ వాడారు. అర్ధ శతాబ్దం తర్వాత 1896లో కెనడా ఉత్తరాన క్లోన్‌డైక్‌లో బంగారం బయటపడితే, అక్కడికి ఎగబడి ఒక చలికాలం తట్టుకుని నిలిచినవాళ్ళకు ‘సోర్‌డో’ అనే బిరుదే వచ్చింది. పిండి గడ్డకట్టకుండా రాత్రిళ్ళు ఒంటికి ఆనించుకుని పడుకునేవారట. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1849లో మొదలైన బూడాన్ బేకరీవాళ్ళు ఇంకో కథ చెబుతారు. 1906 భూకంపం నాడు ఊరంతా తగలబడుతుంటే లూయీజ్ బూడాన్ తల్లిపిండిని బకెట్‌లో వేసుకుని బయటపడిందట.

ఈ కథలన్నిటిలో పిండి తడిగానే ఉంది. ఒక్క బకెట్ మీద, ఒక్క మనిషి ఒంటి వేడి మీద దాని ప్రాణం వేలాడుతోంది. ఎండబెట్టడం ఎంత పెద్ద ఉపాయమో ఇక్కడే అర్థమవుతుంది.

సరే, ఎండినా ఎందుకు చావదు?

హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తాను అరగదీసిన కటకాలతో కనిపించిన ప్రతిదాన్నీ చూసేవాడు. 1680లో బీరు నురగలోని ఈస్టు గుండ్రాలను చూశాడు గానీ అవి జీవులని అనుకోలేదు. 1702లో ఇంటికప్పు కాలువలో పేరుకుని ఎండిపోయిన మట్టిని నీళ్ళలో వేసి చూస్తే గంటలోనే అందులో సూక్ష్మజీవులు ఈదడం మొదలుపెట్టాయి. ఎండిన జీవి తిరిగి లేవడాన్ని కళ్ళారా చూసి మొదట రాసినవాడు ఆయనే. 1743లో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ నీధమ్ తెగులు పట్టిన గోధుమ గింజ చీల్చి నీటిచుక్క వేస్తే, అందులోని ఎండు నారల్లాంటివి పురుగులై కదిలాయి. గోధుమ గింజలోనే ఈ వింత బయటపడటం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఈస్టు సంగతి తేల్చింది మాత్రం ఒక ఫ్రెంచి ఇంజనీరు. పేరు షార్ల్ కాన్యార్ ద లా తూర్. ఫ్యాక్టరీల్లో, అంబులెన్సుల్లో మోగే సైరన్ ఉంది చూశారా, 1819లో దానికి రూపమూ పేరూ ఇచ్చింది ఈయనే. అదే మనిషి 1837లో సూక్ష్మదర్శిని కింద ఈస్టు మొగ్గ తొడిగి పిల్లలు పెట్టడం చూసి, ఇది ప్రాణం ఉన్నదే, చక్కెరను సారాయిగా మార్చేది దీని బతుకే అని ప్రకటించాడు. జర్మనీలో థియోడోర్ ష్వాన్ కూడా అదే ఏడాది అదే మాట అన్నాడు. కాన్యార్ తన నిర్ణయాల జాబితా చివర ఇంకో ముక్క చేర్చాడు: ఈస్టు విపరీతమైన చలికి గానీ, నీళ్ళు లేకపోవడానికి గానీ చావదు. పెద్ద రసాయన శాస్త్రవేత్తలు ఆయన్ను నమ్మలేదు, కొందరు ఎగతాళి చేశారు. ఇరవై ఏళ్ళ తర్వాత పాశ్చర్ వచ్చి వాదం ముగించాడు. పేరంతా పాశ్చర్‌కే పోయింది. ఈ ఒక్క విషయంలో కాన్యార్‌కు మనం ఇంకా బాకీ ఉన్నామని నా అభిప్రాయం.

చావకపోవడానికి కారణం ఒక చక్కెర. 1832లో జర్మనీకి చెందిన విగ్గర్స్ రై పంటకు పట్టే ఎర్గాట్ తెగులులో దాన్ని చూశాడు. 1859లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తెలో దానికి ట్రెహలోజ్ అని పేరు పెట్టాడు. దాని అసలు పని బయటపడటానికి మరో నూరేళ్ళు పైనే పట్టింది. 1980ల్లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో జాన్ క్రో, లోయిస్ క్రో దంపతులు చూపించింది ఇది: కణం చుట్టూ ఉండే పలుచని పొరకు ఆకారం నిలిపేది నీరే. నీరు పోతే పొర కుంచించుకుని, మళ్ళీ తడి తగలగానే చిరిగి లోపలి సరుకంతా కారిపోతుంది. ట్రెహలోజ్ ఉంటే నీరు ఖాళీ చేసిన చోట అది కూర్చుంటుంది. పొర చెదరదు. మిగిలిన చక్కెర గాజులా గట్టిపడి లోపలి ప్రొటీన్లను కదలనీయదు. కణం చచ్చిపోలేదు, అలాగని బతుకూ సాగడం లేదు. ఆగింది, అంతే.

ఈస్టు ఈ చక్కెరను ఎప్పుడు కూడబెడుతుంది? కడుపు నిండా తిండి దొరికి పెరుగుతున్నప్పుడు కాదు. తిండి తరిగిపోతున్నప్పుడు. కరువు రాబోతోందని పసిగట్టి దాస్తుంది. అందుకే అప్పుడే పిండి వేసిన స్టార్టర్‌ను ఎండబెడితే కణాలు ఎక్కువ చస్తాయి. పొంగి, శిఖరానికి చేరి, ఇక దిగబోతుండగా ఎండబెడితే ఎక్కువ మిగులుతాయి. ఈస్టు ఫ్యాక్టరీల్లోనూ చివరి దశలో తిండి తగ్గించి ఈ చక్కెర పెంచుతారు.

ఫ్యాక్టరీల కథ క్లుప్తంగా చెప్పేస్తాను. ఆస్ట్రియా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన చార్ల్స్ ఫ్లైష్‌మన్, సోదరుడు మాక్సిమిలియన్, భాగస్వామి జేమ్స్ గాఫ్‌తో కలిసి 1868లో సిన్సినాటిలో అచ్చు ఈస్టు తయారీ మొదలుపెట్టాడు. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో దానితో చేసిన రొట్టె తిని అమెరికా మారిపోయింది. ఆ అచ్చు తడిది, త్వరగా చెడేది. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యానికి శీతలపెట్టె లేకుండా నిలిచే ఈస్టు కావాల్సి వచ్చింది. అప్పుడు పుట్టింది ఇప్పుడు మన కిరాణా కొట్లలో దొరికే గుళికల ఈస్టు. ప్లినీ తవుడు బిళ్ళ చేసిన పనే ఇదీ చేస్తుంది. కాకపోతే ఇందులో ఈస్టు ఒక్కటే ఉంటుంది.

స్టార్టర్‌లో అలా కాదు. అందులో ఇద్దరు ఉంటారు. కాలిఫోర్నియాలోని ఆల్బనీలో అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో పనిచేసిన లియో క్లైన్, సుగిహారా 1970, 71ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో బేకరీల పిండిని పరీక్షించి ఈ కాపురం గుట్టు బయటపెట్టారు. ఒక ఈస్టు కణానికి నూరు బ్యాక్టీరియా కణాల లెక్కన ఉన్నాయి. బ్యాక్టీరియాకు పిండిలోని మాల్టోజ్ చక్కెర ఇష్టం. ఆ ఈస్టు మాల్టోజ్ ముట్టదు, మిగతా చక్కెరలు తింటుంది. కాబట్టి తిండి దగ్గర తగాదా లేదు. బ్యాక్టీరియా విడిచే పులుపు బయటి క్రిములను దూరంగా ఉంచుతుంది, ఈ ఈస్టు మాత్రం దాన్ని ఓర్చుకుంటుంది. ఆ బ్యాక్టీరియాకు శాన్‌ఫ్రాన్సిస్కో పేరే పెట్టారు. తర్వాత చూస్తే అది యూరప్‌లోనూ, ఇంకా చాలాచోట్లా కనిపించింది. ఊరి గాలి వల్లే ఆ రుచి వస్తుందన్న గొప్ప అక్కడితో సగం కరిగింది.

ఇప్పుడు మన వంటింటికి వద్దాం. అమెరికా నుంచి వచ్చే చుట్టాల సంచిలోనో, హైదరాబాద్‌లో రొట్టెలు కాల్చే స్నేహితుల దగ్గర్నుంచో ఎండు పలుకుల పొట్లం చాలామంది తెలుగువాళ్ళ చేతికి వస్తోంది. చాలా పొట్లాలు చెత్తబుట్టకు పోయేది ఒకే కారణంతో. తెచ్చినరోజే కప్పు పిండి, కప్పు నీళ్ళు పోసేస్తారు. పొట్లంలో బతికి ఉన్నవి కొన్నే. వాటిని అంత పిండిలో పడేస్తే అవి చెదిరిపోతాయి, ఆ పిండిలో సహజంగా ఉండే వేరే క్రిములు ముందు పెత్తనం చేస్తాయి. గ్రిఫిత్ పంపిన సూచనలో ఉన్న తెలివి ఇక్కడే కనిపిస్తుంది. అర చెంచా ఎండు పిండి, ఒక పెద్ద చెంచా గోరువెచ్చని నీళ్ళు, ఒక పెద్ద చెంచా పిండి. అంతే. అది బుడగలు వేశాకే ఇంకొంచెం, అదీ పొంగాకే మరికొంచెం.

గ్రాముల్లో కావాలంటే ఇలా చేయండి. పది గ్రాముల పలుకులు, ఇరవై గ్రాముల నీళ్ళు. పొడి అయితే కొన్ని నిమిషాల్లో కరుగుతుంది, మందపాటి పలుకులైతే రెండు గంటలు పడుతుంది. గట్టి ముక్క మిగలకుండా నానాకే పదిహేను గ్రాముల పిండి కలపండి. మొదట మరపట్టించిన గోధుమపిండి మేలు, తవుడు ఉంటుంది కాబట్టి. మన గోధుమపిండి మైదా కన్నా నీళ్ళు ఎక్కువ తాగుతుంది, గట్టిగా అనిపిస్తే ఇంకో చెంచా పోయండి. దోసెల పిండి జారు ఉండాలి. నీళ్ళు చేతికి వెచ్చగా తగలాలి, కాలకూడదు. మరీ చల్లటి నీళ్ళూ వద్దు. ఎండిన కణం చల్లటి నీళ్ళలో తడిస్తే దాని పొర సర్దుకోకముందే లోపలి సరుకు కారిపోతుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన వస్తుంటే కాచి చల్లార్చి వాడండి.

గాజు గ్లాసులో పోసి, మూత వదులుగా పెట్టి, ఇడ్లీ పిండి పులియబెట్టే మూలే దీనికీ ఇవ్వండి. ఒక రోజంతా ఏమీ జరగకపోవచ్చు. అప్పుడు చేయాల్సింది ఏమీ లేదు. పలుచన చేయకండి, సగం పారబోసి కొత్త పిండి వేయకండి, రోజుకోసారి కలిపి వదిలేయండి. మేల్కోని పిండికి తిండి పెట్టడమే అసలు అపకారం. కొన్నిసార్లు రెండో రోజు ఒక్కసారిగా పొంగి, విరిగిన పాల కంపు కొడుతుంది. సంబరపడకండి, భయపడకండి. అది కొత్త పిండిలోని క్రిముల సందడి. పులుపు పెరిగేకొద్దీ అవి తప్పుకుంటాయి, అసలువాళ్ళు ముందుకొస్తారు. వాసన పులిసిన మజ్జిగ, పండిన పండు వైపు తిరిగితే దారిలో పడినట్టు. పైన నల్లటి నీరు తేలితే ఆకలి అని అర్థం, పిండి వేయండి. గులాబీ, నారింజ చారలు గానీ బూజు నూగు గానీ కనిపిస్తే మాత్రం మొహమాటం వద్దు, గ్లాసుతో సహా బయట పడేయండి.

బుడగలు నిలకడగా వచ్చాక సమపాళ్ళ లెక్క మొదలుపెట్టండి. పాత పిండి ఎంతో కొత్త పిండి అంత, నీళ్ళూ అంత. గ్లాసుకు రబ్బరు బ్యాండు వేసి ఎత్తు గుర్తుపెట్టండి. పిండి వేసిన నాలుగు నుంచి ఆరు గంటల్లో రెట్టింపు కావడం, అదీ వరసగా రెండు మూడుసార్లు జరగడం, ఇదొక్కటే నమ్మదగిన పరీక్ష. చెంచాడు తీసి నీళ్ళలో వేసి తేలుతుందా అని చూసేవాళ్ళు ఉన్నారు. పిండి పలుచగా ఉంటే మంచి స్టార్టర్ కూడా మునుగుతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మే నెలలో విజయవాడ, రామగుండం వేడికి మూడు గంటల్లోనే పొంగి కూలిపోతుంది. అప్పుడు ఒక పాలు పాతదానికి అయిదేసి పాళ్ళు పిండి, నీళ్ళు వేస్తే నెమ్మదిస్తుంది. మొదటి రెండు మూడు రొట్టెలు బాగా పొంగి, పులుపు మాత్రం లేకపోవచ్చు. ఈస్టు, బ్యాక్టీరియా ఒకే వేగంతో తేరుకోవు. పులుపు వెనక నడిచి వస్తుంది.

స్టార్టర్ ఆరోగ్యంగా ఉన్నరోజే కొంత ఎండబెట్టి దాచుకోండి, నీరసించాక కాదు. పొంగు శిఖరంలో ఉన్నప్పుడు నూనెకాగితం మీద గరిటతో అద్దినంత పలుచగా పూసి, ఫ్యాను కింద పెట్టండి. ఎండలో వద్దు. మన వేసవి ఎండలో పళ్ళెం చేయి కాలేంత వేడెక్కుతుంది. నలభై డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి, యాభై అయిదు దాటితే ఈస్టు మిగలదు. వంచితే పెటుక్కున విరిగేంత ఎండాలి. వంగుతోందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. విశాఖ, కాకినాడల్లో వానాకాలం అలా విరగనే విరగదు. ఇందాక చెప్పిన జర్మన్ గృహిణుల పద్ధతి అక్కడ పనికొస్తుంది. పొడి పిండితో నలిపి పలుకులు చేసి, ఆ పలుకులను ఫ్యాను కింద ఆరబెట్టండి. గాలి చొరని సీసాలో పోసి, తేదీ రాసి, ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక వయసు సంగతి. బెల్జియంలోని సాంక్ట్ వీత్‌లో 2013 నుంచి ఒక స్టార్టర్ల గ్రంథాలయం నడుస్తోంది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన వందకు పైగా స్టార్టర్లను సీసాల్లో, చల్లటి అరల్లో భద్రపరిచారు. ప్రతి స్టార్టర్‌కూ దాని సొంత బేకరీ వాడే పిండే పెడతారు. పిండి మారితే లోపలి జనాభా మారిపోతుందని వాళ్ళకు తెలుసు. 2021లో ‘ఈలైఫ్’ పత్రికలో వచ్చిన అధ్యయనం నాలుగు ఖండాల నుంచి 500 స్టార్టర్లను పరీక్షించింది. ఏ ఊరిదన్న దాన్నిబట్టి లోపలి సూక్ష్మజీవులు మారుతున్నట్టు ఆధారం దాదాపు దొరకలేదు. స్టార్టర్ వయసు కూడా పెద్ద తేడా చూపలేదు. ఆరిగన్ నుంచి వచ్చినదైనా సరే, కొన్ని నెలలు గుంటూరు మర పిండి తిన్నాక అందులో 1847 నాటిది ఎంత మిగిలిందో చెప్పలేం. ముత్తవ్వ కథ విలువైనదే, దాన్ని నేను తక్కువ చేయను. గ్రిఫిత్ ఆ కథను ఉచితంగా పంచాడు కాబట్టి ఇంకా విలువైనది.

అందుకని నూట యాభై ఏళ్ళనాటి స్టార్టర్ అంటూ వేల రూపాయలకు అమ్మే పొట్లాలకు డబ్బు తగలేయకండి. గోధుమపిండి, నీళ్ళు, పది పదిహేను రోజుల ఓపిక ఉంటే కొత్తది మీ ఇంట్లోనే పుడుతుంది. కొనక తప్పని పరిస్థితి వస్తే అమ్మేవాళ్ళను దాని వయసు అడగకండి. ఎప్పుడు ఎండబెట్టారో, ఏ పిండితో పెంచారో అడగండి.